అలిగిన పిల్లి

ఈ పేజీలో మేము సాధారణంగా మనుష్యుల సంగతులే వ్రాస్తుంటాము. అత్తాకోడళ్ళ మాట, పిల్లల చదువు, అప్పు, త్రాగుడు, ఇటువంటివి. ఈ నెల ఒక పిల్లి సంగతి వ్రాయబోతున్నాము. నవ్వేవారు నవ్వవచ్చు. మేము మాత్రము నవ్వలేము. పిల్లి తిండి మానితే ఏమౌతుందో తెలియక ఒకసారి మా ఇంట్లోనే ఒక ప్రాణము పోయింది, దానితోపాటు మా అబ్బాయి మనస్సు చాలా కాలము విరిగిపోయింది. అదే సంగతి ఎల్.బి.నగర్‌లో మా సంఘములోని ఒక సహోదరి ఇంట్లో 2023లో మళ్ళీ జరగబోయి ఆగింది.

ఆ సహోదరి నల్లగొండ వైపు పల్లె నుండి వచ్చి ముప్పై ఏండ్లుగా ఎల్.బి.నగర్‌లో ఉంటున్నారు. భర్త పోయి అప్పటికి రెండేండ్లు. కొడుకు, కోడలు ఉద్యోగాల వలన వేరే చోట కాపురము. ఇంట్లో ఆమె, ఆమెతో మల్లి అనే తెల్ల పిల్లి. ఆ పిల్లి నిజానికి ఆయనది. ఆయన పడక కుర్చీలో పత్రిక చదువుతుంటే ఒడిలో పడుకొనేది. ఆయన పోయిన తరువాత అదే కుర్చీలో, ఆయన తువాలు మీద పడుకోవడము అలవాటు చేసికొంది.

ఒక వానాకాలపు శుక్రవారము సాయంకాలము ఆమె ఫోను చేశారు.

“అయ్యగారూ, వందనాలు. మల్లి అన్నం ముడ్తలేదు. నిన్న పొద్దటి సంది ముద్ద నోట్ల పెట్టలే. మంచం కిందికెళ్ళి బయటికి వస్తలేదు.”

“ఏమైందమ్మా? కొత్తగా ఏమైనా జరిగిందా?”

“పోయిన ఆదివారం మా కోడలు ఒక పిల్లికూనను తెచ్చిందయ్యా. గప్పటి సంది గిట్లనే. మొదటి నాలుగు దినాలు కొంచెం కొంచెం తిన్నది. ఇప్పుడైతే మొత్తమే బందు. పక్కింటామె ఏమంటున్నదంటే, అలిగింది, ఆకలైతే అదే తింటది, పట్టించుకోకు అంటున్నది.”

ఆ చివరి మాట వినగానే మేము కుర్చీలోనుండి లేచాము. ఎందుకో చెప్పాలంటే ఏడు సంవత్సరములు వెనుకకు వెళ్ళాలి.

2016లో మేము దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనుక ఒక సందులో, రెండవ అంతస్తులో అద్దెకు ఉండేవారము. అప్పటికి రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేస్తున్నాయి గాని, రైలు రావడానికి ఇంకా రెండేండ్లు పట్టింది. మా ఇంట్లో బూడిద రంగు పిల్లి ఒకటి ఉండేది. ఎనిమిదేండ్లది, బాగా లావు. మా అబ్బాయి బడి స్నేహితుని ఇంటినుండి ఒక కూనను చొక్కాలో పెట్టుకొని తెచ్చాడు. మేము కాదనలేదు. పాత పిల్లి ఆ రోజే బుసకొట్టి బీరువా మీదికి ఎక్కింది. మరునాటి నుండి గిన్నె దగ్గరకు రాలేదు. ఇంటికి వచ్చినవారందరూ అన్న మాట ఒకటే: “ఆకలైతే అదే తింటుంది.” మేమూ అదే అన్నాము. పైగా అవి సంఘ కూడికల రోజులు. ప్రొద్దున వెళితే రాత్రి పది దాటితే గాని ఇల్లు చేరేవారము కాము.

ఆరవ రోజున మా శ్రీమతి దానిని ఎత్తుకొని చెవి లోపలి భాగము చూసి, “ఇదేమిటి, పసుపు పూసినట్టు ఉంది” అన్నారు. కండ్లలోని తెలుపు కూడా పచ్చబడింది. డాక్టరుగారి దగ్గరకు తీసికొని వెళ్ళాము. ఆయన ఒక్క ప్రశ్న అడిగారు, “ఎన్ని రోజులైంది తిని?” మేము చెప్పగానే ఆయన కాసేపు మాటలాడలేదు. రెండు రోజుల తరువాత అది చనిపోయింది.

మా అబ్బాయి అప్పటికి పదకొండేండ్ల వాడు. సమాధి చేసి వచ్చిన రాత్రి అడిగాడు: “నాన్నా, నేను చిన్నదాన్ని తెచ్చినందుకే పెద్దది చచ్చిపోయిందా?” ఆ కూనను వాడు ఆ తరువాత ముట్టుకోలేదు. చివరకు పై పోర్షను వారు దానిని పెంచుకొన్నారు. “కాదురా, నువ్వు తెచ్చినందుకు కాదు, మేము ఆరు రోజులు చూడనందుకు” అని వాడితో మేము చెప్పవలసిన మాట చెప్పడానికి మాకు కొంత కాలము పట్టింది. పెద్దవారికి తప్పు ఒప్పుకొనుట ఎంత కష్టమో!

ఆ డాక్టరుగారు చెప్పినది, ఆ తరువాత మేము చదివి తెలిసికొన్నది ఇక్కడ వ్రాస్తాము. మనిషి ఉపవాసముంటాడు. కుక్క కూడా రెండు మూడు రోజులు తినకపోయినా తట్టుకొంటుంది. పిల్లి శరీరము అట్లా చేయబడలేదు. అది పూర్తిగా మాంసము మీద బ్రతికే జీవి. ఎలుక, పిట్ట, మిడత, ఇట్లా రోజుకు పది సార్లు చిన్న చిన్న వేటలు చేసి తినడము దాని స్వభావము. తిండి ఆగిపోగానే ఒంటిలోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. ఆ కొవ్వునంతటిని పిల్లి కాలేయము వాడుకొనలేదు. అది అక్కడే పేరుకొని కాలేయము పనిచేయడము మానేస్తుంది. అప్పుడు వాంతులు, చొంగ, పసుపు రంగు. ఇక ఆకలి అనేదే పుట్టదు. “ఆకలైతే అదే తింటుంది” అనే మాట ఎందుకు తప్పో ఇప్పుడు తెలిసింది గదా. కొన్ని రోజులు దాటిన తరువాత పిల్లికి ఆకలి వేయదు, దానిని తినకుండా చేసేది ఆ జబ్బే. లావుగా ఉన్న పిల్లికి ఇది మరీ త్వరగా వస్తుంది. రెండు మూడు రోజులు తినకపోయినా చాలు. ముందుగా తీసికొని వెళితే గొట్టము ద్వారా ఆహారము పంపి వారాల తరబడి చికిత్స చేసి చాలా పిల్లులను బ్రతికిస్తారు. ఆలస్యమైతే కష్టము.

కాబట్టి లెక్క ఇది. పెద్ద పిల్లి ఒక పగలు ఒక రాత్రి, అంటే 24 గంటలు, ఏమీ తినకపోతే డాక్టరుగారికి చెప్పాలి. చిన్న కూన అయితే 12 గంటలు కూడా ఆగకూడదు.

ఆ సహోదరి ఇంటికి ఆ రాత్రే వెళ్ళాము. ఇల్లు తళతళలాడుతోంది. కూన వస్తుందని కోడలు ఇల్లంతా సర్ది, ఫినాయిలు వేసి తుడిపించింది. ముందు గదిలో కొత్త పరుపు, కొత్త గిన్నెలు, ఒక బంతి. ఆ పరుపు వేయడానికి చోటు చాలక అంతకు ముందు అక్కడున్న పడక కుర్చీని మడిచి డాబా మీదికి చేర్చారు. తువాలు ఉతికి బీరువాలో పెట్టారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశము లేదు. కాని మల్లి వైపు నుండి చూడండి. దాని చోటు పోయింది. దాని వాసన పోయింది. ఆయన వాసన కూడా పోయింది. దాని గిన్నె పక్కన ఇంకొక గిన్నె వచ్చింది, ఆ గిన్నె దగ్గర ఎవరో తెలియని ఒకరు.

పల్లెటూరులో ఇటువంటి సమస్య పెద్దగా కనబడదు. అక్కడ పిల్లికి నచ్చకపోతే గడ్డివాములోకో, పక్కింటి వసారాలోకో, పశువుల కొట్టంలోకో వెళ్ళిపోతుంది. నాలుగు రోజులకు తిరిగి వస్తుంది, రాకపోతే వేరొక ఇల్లు చూసుకొంటుంది. ఎల్.బి.నగర్‌లో రెండు గదుల పోర్షనులో దానికి మంచము క్రింద తప్ప వేరొక ఊరు లేదు.

పిల్లి స్వభావము గురించి ఒక మాట. మనుష్యులకు పిల్లితో పొత్తు చాలా పాతది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 సంవత్సరముల నాటి ఒక సమాధిలో మనిషి ప్రక్కనే పిల్లిని పాతిపెట్టిన ఆనవాలు దొరికినట్టు 2004లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ప్రకటించారు. (మన 66 పుస్తకముల పరిశుద్ధ గ్రంథములో మాత్రము ఇంటి పిల్లి పేరు లేదు. కుక్క ఉంది, గాడిద ఉంది, చీమ కూడా ఉంది. యవనస్థుల కూడికలో ఒక చిన్నవాడు దీని గురించి అడిగితే మేము జవాబు చెప్పలేక వెదికి చూశాము.) ఇంత కాలము మనతో ఉన్నా పిల్లి ఒంటరిగా వేటాడే జీవియే. కోడిపిల్లల వలె, మేకల వలె ఒకే చోట మూతులు కలిపి తినడము దానికి ఇష్టము కాదు. మనము ప్రేమతో రెండు గిన్నెలు ప్రక్క ప్రక్కన పెడతాము. పాత పిల్లికి అది దోపిడి లాగా ఉంటుంది. ఇక అలక అనే మాటకు వస్తే, అది అలక కాదు, భయము. అలిగినవారిని మనము బుజ్జగించవచ్చు, కోప్పడవచ్చు, వదిలివేయవచ్చు. భయపడినవారికి కావలసినది చోటు.

ఆ రాత్రి చేసిన మొదటి పని, డాబా మీద నుండి కుర్చీ దింపడము. వానకు కొంచెము తడిసింది. తుడిచి, పాత చోటనే వేశాము. తువాలు సబ్బు వాసన వేస్తోంది, ఇక చేయగలిగింది లేదు. ఆమె వెదికి, ఉతకకుండా దాచుకొన్న ఆయన పాత స్వెట్టరు తెచ్చి కుర్చీ మీద పరిచారు. రెండవ పని, కూనను వంట గది ప్రక్కనున్న సామాను గదిలో పెట్టి తలుపు వేయడము. దాని గిన్నె, నీళ్ళు, ఇసుక తొట్టి అన్నీ అందులోనే.

మల్లిని వెలుతురులోకి తెచ్చి చూస్తే ముక్కు నుండి నీరు కారుతోంది. నోటి నుండి చొంగ. సామాను గదిలో కూన తుమ్ముతోంది. అప్పుడు మాకు అనుమానము వచ్చింది. ఇది భయము ఒక్కటే కాదు.

మరునాడు ఉదయమే మూత ఉన్న కూరగాయల బుట్టలో బట్ట వేసి, మల్లిని కూర్చోబెట్టి ఆటోలో తీసికొని వెళ్ళాము. హైదరాబాదులో ఉన్నవారికి నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ఎల్.బి.నగర్ నుండి ఆరాంఘర్ మీదుగా వెళ్ళవచ్చు. ప్రైవేటు క్లినిక్కులు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ చుట్టుప్రక్కల కూడా ఉన్నాయి. పల్లెలలో ఉన్నవారు మండల పశువైద్యశాలకు వెళ్ళండి. పాడి పశువులే అక్కడ ముఖ్యము గాని, పిల్లిని తెచ్చారని నవ్వుతారేమోనని సిగ్గుపడవద్దు.

డాక్టరమ్మగారు ఓపికగా చూశారు. జ్వరము 104 ఉంది. పిల్లికి 102న్నర దాటితే జ్వరమే. నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించారు. నాలుక అంచున రెండు పుండ్లు, ఎర్రగా. “దీనికి తినాలని ఉన్నా తినలేదు, నొప్పి” అన్నారు. కూన తెచ్చిన జలుబు వైరసు ఇది. పిల్లుల మధ్య తుమ్ముల ద్వారా, గిన్నెల ద్వారా వ్యాపిస్తుంది, మనుష్యులకు రాదు. అంటుకొన్న కొద్ది రోజులకు బయటపడుతుంది. ఆదివారము కూన రావడము, గురువారము మల్లి పూర్తిగా తిండి మానడము, లెక్క సరిపోయింది. ముక్కు మూసుకొంటే వాసన తెలియదు. వాసన తెలియకపోతే పిల్లి తినదు. దానికి రుచి కంటె వాసనే ముఖ్యము.

నాలుక ఎత్తి చూడడానికి ఇంకొక కారణము కూడా ఆమె చెప్పారు. మన ఇండ్లలో పూలమాల దారము, కుట్టు దారము, సంక్రాంతికి గాలిపటాల మాంజా ఎక్కడపడితే అక్కడ పడి ఉంటాయి. పిల్లి ఆడుకొంటూ మింగుతుంది. ఒక కొస నాలుక క్రింద చుట్టుకొని రెండవ కొస ప్రేగులలోకి పోతుంది. అటువంటి దారము కనబడితే మీరు లాగవద్దు, ప్రేగు తెగుతుంది. డాక్టరుగారే తీయాలి.

అందుచేత కొత్త కూన వచ్చిన తరువాత పాత పిల్లి తిండి మానితే, అది అసూయే అని ఇంట్లో కూర్చొని తీర్పు తీర్చవద్దు. భయము కావచ్చు, జలుబు కావచ్చు, పంటి నొప్పి కావచ్చు, ఇంకా భయంకరమైన అంటువ్యాధి కావచ్చు. పార్వో జాతి వైరసు ఒకటి ఉంది. దానిలో జ్వరము, ఆగని వాంతులు, నీళ్ళ విరేచనాలు. టీకా లేని కూనలు ఒకటి రెండు రోజులలోనే చనిపోతాయి. ఆ వైరసు ఇంట్లో నెలల తరబడి, ఒక్కొక్కసారి సంవత్సరము వరకు బ్రతికి ఉంటుంది. బ్లీచింగు నీళ్ళతో తప్ప సామాన్యంగా పోదు. ఫినాయిలుతో పోతుందని చాలామంది అనుకొంటారు. ఆ ఫినాయిలు పిల్లికే విషము. నేల మీద వేసింది కాళ్ళకు అంటుకొని, అది నాకినప్పుడు కడుపులోకి పోతుంది. పిల్లి ఉన్న ఇంట్లో సబ్బు నీళ్ళు చాలు.

మందుల సంగతి ఇంకొకటి, ఇది మరచిపోవద్దు. జ్వరము అనగానే మన ఇంట్లో పారాసిటమాలు మాత్ర తీస్తాము. పిల్లికి పారాసిటమాలు ప్రాణాంతకము. ఒక్క మాత్ర చాలు. పిల్లలకు వేసే సిరపు కూడా వద్దు.

మల్లికి చర్మము క్రింద సెలైను ఎక్కించారు, నొప్పికి మందు ఇచ్చారు, ముక్కు శుభ్రము చేశారు. మూడు రోజులు రోజూ తీసుకురమ్మన్నారు. ఖర్చు సంగతి దాచము. ఆమె పింఛనులో అది చిన్న మొత్తము కాదు. కొంత కొడుకు పంపాడు.

ఇక తినిపించడము. ఇది అసలు కష్టము. మా శ్రీమతి ఒక పూట అక్కడే ఉన్నారు. కోడి మాంసము ఉప్పు, కారము, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా మెత్తగా ఉడికించి, ఎముకలు తీసి, చేతితో నలిపి ఆ నీళ్ళతోనే కలిపారు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి, కాబట్టి మన కూర పులుసు కలిపి పెట్టకూడదు. ఫ్రిజ్జులోనుండి తీసిన చల్లని ముద్ద రోగి పిల్లి ముట్టదు. గోరువెచ్చగా, అప్పుడే వేటాడిన ఎలుక వేడిలో ఉండాలి. (మా శ్రీమతికి ఈ పోలిక నచ్చలేదు.) గిన్నె లోతుగా ఉంటే మీసాలు తగులుతాయి, వెడల్పు సాసరు మేలు. కొంచెమే పెట్టాలి, పది నిమిషాలు చూసి తీసివేయాలి, రెండు గంటల తరువాత మళ్ళీ వెచ్చగా పెట్టాలి. రోజంతా ఎండిన ముద్ద దాని ముందు ఉంచితే దానికే విసుగు పుడుతుంది.

ఆ సహోదరి తల్లి మనస్సు కదా, వేలితో నోరు తెరిచి ముద్ద కుక్కబోయారు. డాక్టరమ్మగారు ముందే వద్దన్నారు. బలవంతంగా పెడితే ఊపిరితిత్తులలోకి పోవచ్చు, పైగా ఆ ఆహారమంటేనే దానికి ఎప్పటికీ వెగటు పుడుతుంది. మూతికి కొంచెము రాయవచ్చు, తానే నాకుతుంది. ఒక్క నాకుడుతో మొదలైతే మంచిదే. అప్పటికీ తినకపోతే ఆకలి పుట్టించే మందులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి, గొట్టము ఉంది. ఆ నిర్ణయము వారిది.

మొదటి రోజు తినలేదు. రెండవ రోజు ఉడికిన నీళ్ళు రెండు గుటకలు త్రాగింది. ఆమె ఆ రాత్రి మాకు ఫోను చేసి చెప్పిన మాట, “అయ్యగారూ, గీ పిల్లి పోతే ఆయన ఇంకోసారి పోయినట్టే నాకు.” మేము ఏమీ చెప్పలేదు. విన్నాము. మూడవ రాత్రి పదకొండు గంటలకు, ఇంట్లో దీపాలు ఆర్పిన తరువాత, మల్లి మంచము క్రింద నుండి వచ్చి కుర్చీ ఎక్కింది. ఆమె చీకటిలోనే సాసరు తెచ్చి కుర్చీ ప్రక్కన స్టూలు మీద పెట్టి, అటు తిరిగి కూర్చున్నారట. నాకుతున్న శబ్దము వినిపించింది. మరునాడు సాసరు ఖాళీ.

ఈ మధ్యలో ఇంకొక గాయము జరిగింది, అది వ్రాయకపోతే సంగతి సగమే. ప్రక్కింటివారు ఆ కూనను గోనె సంచిలో వేసి మార్కెట్టులో వదిలి రమ్మన్నారు. ఆ మాట కోడలి చెవిన పడింది. ఆ అమ్మాయి ఏడుస్తూ మాకు ఫోను చేసింది. “అయ్యగారూ, అత్తమ్మ ఒక్కర్తే ఉంటున్నారని, మల్లి కూడా ముసలిదైందని, తోడుగా ఉంటుందని తెచ్చాను. ఇప్పుడు అందరూ నేనే చంపబోయానన్నట్టు చూస్తున్నారు.” మాకు 2016 నాటి మా అబ్బాయి గొంతే వినిపించింది. ఆ సాయంకాలము మేము వెళ్ళి అత్తగారి ముందే అన్నాము, తప్పు తేవడములో లేదు, తెచ్చిన తీరులో ఉంది, ఆ తీరు మాకూ తెలియదు, తెలియక మా పిల్లిని పోగొట్టుకొన్నాము. అత్తగారు చాలాసేపు తల వంచుకొని కూర్చొని, “కుర్చీ మీదికి పంపింది నేనే గదా, కోడల్ని అడుగకుండ” అన్నారు. నిజము. కుర్చీ తీయమన్నది ఆమెయే. ఆ కుర్చీని చూస్తే ఆమెకు దుఃఖము వస్తుంది, ఎప్పటి నుండో తీసివేయాలని ఉంది, కూన ఒక సాకు అయింది. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు.

కూనకు కూడా వైద్యము చేయించారు. రెండూ బాగయ్యే వరకు, మూడు వారములు, తలుపు తెరవలేదు. నిజానికి ఏ కొత్త కూననైనా వచ్చిన రోజు నుండి రెండు వారములు వేరుగా ఉంచి ఉంటే ఇదంతా రాకపోను. ఆ రెండు వారములలో రోగము ఏమైనా ఉంటే బయటపడుతుంది, పాత పిల్లికి తలుపు వెనుక ఎవరో ఉన్నారని వాసన ద్వారా కొంచెము కొంచెముగా తెలుస్తుంది. ఒక గుడ్డతో కూన బుగ్గలు రుద్ది ఆ గుడ్డను పాత పిల్లి తిరిగే చోట పెట్టాలి, దానిది కూనకు పెట్టాలి. తలుపుకు అటు ఒకటి ఇటు ఒకటి గిన్నెలు పెట్టాలి, మొదట దూరముగా, రోజు రోజుకూ కొంచెము దగ్గరగా. బుస వినిపిస్తే ఒక అడుగు వెనుకకు జరపాలి. తొందర లేదు. కొన్నిటికి పది రోజులు, కొన్నిటికి రెండు నెలలు.

“మాకు వేరే గది ఎక్కడిది అయ్యగారూ?” అని అడిగేవారు మనలో చాలామంది. ఒకే గది ఉన్నవారికి మన పల్లె కోళ్ళ గంప ఉండనే ఉంది. వెదురు గంప క్రింద కూనను పెట్టి, పైన బరువు పెట్టి, పాత చీర సగము కప్పితే, పాత పిల్లి చుట్టూ తిరిగి వాసన చూసుకొంటుంది, కొట్టలేదు. ఒక్కసారికి పది పదిహేను నిమిషములు చాలు. మిగిలిన సమయములో స్నానాల గదిలో ఉంచవచ్చు, నీళ్ళ బకెట్ల మీద మూతలు పెట్టి. ఈ సహోదరి కూడా కలిపే రోజులలో ఊరి నుండి గంపే తెప్పించారు, బస్సులో, టిక్కెట్టు లేకుండా.

ఇసుక తొట్లు ఎన్ని పిల్లులో అన్ని, ఇంకొకటి ఎక్కువ. గిన్నెలు ఎప్పటికీ వేరు వేరు చోట్ల. పాత పిల్లికి ఎత్తయిన చోటు ఒకటి, బీరువా మీదో అటక మీదో, కూన ఎక్కలేనిది ఉండాలి. ముందు పాతదానికి పెట్టి, తరువాత కూనకు పెట్టాలి. అది తినే వేళ, పడుకొనే చోటు మార్చవద్దు. కూన ముద్దుగా ఉంటుంది, ఇంటికి వచ్చినవారందరూ దానినే ఎత్తుకొంటారు. ఎవరైనా ఒకరు పెద్దదాని దగ్గర ఊరక కూర్చోవాలి. పెద్ద పిల్లలున్న ఇంట్లో చంటిబిడ్డ పుట్టినప్పుడు తల్లులు చేసే పనే ఇది.

కూనను తల్లి నుండి ఎనిమిది వారములలోపు తీయవద్దు, పన్నెండైతే ఇంకా మంచిది. ఎనిమిదవ వారములో మొదటి టీకా, తరువాత మూడు నాలుగు వారములకొకటి పదహారు వారముల వరకు, దానితో పాటు రేబిస్ టీకా. ఆడపిల్లి అయితే నాలుగైదు నెలలకే చూలు నిలవవచ్చు, కాబట్టి ఆపరేషను సంగతి ముందుగానే అడగండి. కలిపే రోజులలో మధ్యకు చేయి పెట్టి పట్టుబడిన గాట్లను నిర్లక్ష్యము చేయవద్దు. సబ్బుతో, ధారగా పడే నీటి క్రింద 15 నిమిషములు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, కారము, సున్నము పెట్టవద్దు. హైదరాబాదులో నారాయణగూడలోని ఐ.పి.ఎం.లోను, నల్లకుంట ఫీవరు ఆసుపత్రిలోను రేబిస్ సూదులు ఇస్తారు.

మల్లి ఇప్పటికీ కూనను ప్రేమించదు. కూన అంటున్నాము గాని అది ఇప్పుడు మల్లి కంటె పెద్దది. కుర్చీ దగ్గరకు వస్తే మల్లి పంజాతో ఒక్కటి ఇస్తుంది, అది కుర్చీ క్రింద చేరి అక్కడే పడుకొంటుంది. అంతకు మించి స్నేహము కుదరలేదు, ఇక కుదరదేమో. గిన్నెలు రెండూ మాత్రము ఖాళీ అవుతాయి. కోడలు నెలకొకసారి వస్తుంది. వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి మల్లిని సంచీలో వేసి కాటా మీద పెట్టి తూచి, క్యాలెండరు మీద వ్రాస్తారు. పోయినసారి మేము వెళ్ళినప్పుడు చూశాము, నాలుగు కిలోల రెండు వందల గ్రాములు.

మా అబ్బాయి ఇప్పుడు వేరే ఊరిలో చదువుతున్నాడు. ఈ సంగతంతా ఫోనులో చెబితే మౌనముగా విని, “కూనకు పేరు పెట్టారా నాన్నా?” అని అడిగాడు. పెట్టలేదని చెప్పాము. ఆ ఇంట్లో దానిని ఇంకా చిన్నది అనే పిలుస్తున్నారు.